బెల్లమా? నశ్యమా?

గోడకి బ్రౌన్ వేద్దామని ఇంటిల్లిపాదీ ఒప్పుకోవడం తేలికే. ఏ బ్రౌన్ అన్న దగ్గరే ఇల్లు రెండు పార్టీలవుతుంది. ఒక గోడ, రెండు రంగులు, పదిహేను రోజుల కథ ఇది.

మా హాల్లో బాల్కనీకి ఎదురుగోడ మీద పదిహేను రోజులపాటు రెండు మచ్చలున్నాయి. ఒక్కోటీ రెండడుగుల పలకంత. పక్కపక్కనే. వచ్చినవాళ్లు చెప్పులు విప్పుతూనే 'గోడకి చెమ్మ దిగిందా?' అని అడిగేవారు. కాదు, రంగు ఎంచుకుంటున్నాం అంటే మాత్రం, అప్పటిదాకా తీరిగ్గా కాఫీ తాగుతున్న మనిషి కప్పు బల్ల మీద పెట్టి, లేచి, నాలుగడుగులు వెనక్కి నడిచి, కళ్లు చికిలించి మరీ తీర్పు చెప్పేవారు. గ్యాస్ బండ తెచ్చిన అబ్బాయి సైతం బండ దించి 'ఎడమవైపుది బావుంది మేడం' అన్నాడు. డబ్బులు తీసుకుని వెళ్తూ గుమ్మంలో ఆగి, 'లేదు, కుడివైపుదే' అన్నాడు.

ఆ అబ్బాయిని తప్పుపట్టలేను. నేనూ రోజుకి మూడుసార్లు పార్టీ మారాను.

షేడ్ కార్డులో ఆ రెండింటికీ ఇంగ్లిష్ పేర్లున్నాయి. ఒకటి ఏదో ఎడారి, ఇంకోటి ఏదో చెట్టు. మా అత్తయ్యకి అవి నోరు తిరగలేదు. ఎర్రచాయ ఉన్నదానికి 'బెల్లం' అనీ, బూడిద కలిసినట్టుండి కాస్త పచ్చకి మొగ్గినదానికి 'నశ్యం' అనీ మొదటిరోజే నామకరణం చేసేశారు. వాళ్ల నాన్నగారి నశ్యం డబ్బా మూత తీస్తే అచ్చం ఇదే రంగట. మావారిది నశ్యం పార్టీ. నాది బెల్లం. మావాడు ఫోన్‌లోంచి తలెత్తకుండానే 'రెండూ ఒకటే కదమ్మా' అన్నాడు. కార్డు మీద చూస్తే వాడి మాట అబద్ధం కాదు. బొటనవేలంత ముక్కలవి. వాటి అసలు బుద్ధి గోడ ఎక్కాకే బయటపడింది.

పశువుకి ఉంది, గోడకి లేదు

అత్తయ్య అలా పేర్లు పెట్టడంలో వింతేమీ లేదు. బ్రౌన్ విషయంలో మనం తరతరాలుగా చేస్తున్న పని అదే. ఎరుపు, నలుపు, తెలుపు అని ఠక్కున అనేస్తాం. బ్రౌన్ దగ్గరికొచ్చేసరికి వంటింట్లోకో అంగడికో వెళ్లి ఏదో ఒక వస్తువు పేరు అరువు తెస్తాం. కాఫీపొడి రంగు, వక్క రంగు, చింతపండు రంగు, ఇటుక రంగు, ముక్కుపొడి రంగు. చీరల కొట్లో ఈ మాటలు చాలు; అమ్మే అబ్బాయి సరిగ్గా ఆ బీరువా దగ్గరికే వెళ్తాడు. బడి పుస్తకాల్లో మాత్రం 'గోధుమ రంగు' అని ఉంటుంది. నాలుగు గోధుమ గింజలు అరచేతిలో వేసుకుని చూడండి, మనం బ్రౌన్ అనుకునేదానికన్నా బాగా లేత. ఆ మాట నిజంగా అతికింది ఒక్క పాముకే. గోధుమవన్నె తాచు.

సంస్కృతంలో కపిలం, కపిశం, పింగళం ఉన్నాయి. పింగళ పేరుతో మనకో తెలుగు సంవత్సరమే ఉంది. 1977 ఉగాదికి వచ్చి వెళ్లింది, మళ్లీ 2037లో వస్తుంది. అచ్చతెలుగులోనూ ఒక మాట లేకపోలేదు. 'పుల్ల'. కర్రావు, ఎర్రావులతోపాటు పుల్లావు. సంతలో రైతు ఆ చాయని అల్లంత దూరంనుంచే పోల్చుకునేవాడు. కానీ 'గోడకి పుల్లరంగు వెయ్యి' అని ఇవాళ ఏ మేస్త్రీకైనా చెప్పి చూడండి. ఇక బ్రౌన్ అంటే సాహిత్యం చదివిన తెలుగువాడికి ముందు గుర్తొచ్చేది రంగు కాదు, నిఘంటువు కూర్చిన సి.పి.బ్రౌన్ దొర.

ఇది మన ఒక్కరి లోటు కాదు లెండి. ప్రపంచ భాషల్లో రంగుల పేర్లు ఏ వరసలో పుడతాయో 1969లో బ్రెంట్ బెర్లిన్, పాల్ కే అనే అమెరికా పరిశోధకులు ఒక పుస్తకంలో చెప్పారు. నలుపు, తెలుపు ముందు. తర్వాత ఎరుపు. ఆ తర్వాత పచ్చ, పసుపు, నీలం. బ్రౌన్ వంతు ఏడోది. ఆ వరస మీద తర్వాత చాలా వాదాలు జరిగాయి గానీ, ఆలస్యంగా పేరు పెట్టించుకున్న రంగు ఇదని మా ఇంట్లో ఎవరికీ అనుమానం లేదు.

బల్బుకి రాని రంగు

మావాడి 'రెండూ ఒకటే' మాట నన్ను గుచ్చుతూనే ఉంది. వాణ్నో ప్రశ్న అడిగాను. ఎర్ర బల్బు ఉంది, పచ్చ బల్బు ఉంది, నీలం ఉంది. పెళ్లింటి సీరియల్ సెట్లో అన్నీ ఉంటాయి. బ్రౌన్ బల్బు ఎప్పుడైనా చూశావా?

తలెత్తాడు.

ఇంద్రధనస్సులోనూ బ్రౌన్ ఉండదు. ఎందుకంటే అది విడిగా ఒక రంగు కాదు, వెలుగు తగ్గిన నారింజ. చుట్టుపక్కల తనకన్నా వెలుగున్నవి ఉంటేనే మన కంటికి బ్రౌన్‌గా తోస్తుంది. చుట్టూ చీకటి చేసి దాన్నొక్కదాన్నే చూపిస్తే మళ్లీ నారింజే. నమ్మకం లేకపోతే మేం చేసినట్టు చేయండి. రాత్రి లైట్లన్నీ ఆపి, ఫోన్ తెర మీద తెల్లటి పేజీ మధ్యలో బ్రౌన్ గడి ఒకటి పెట్టి, దినపత్రికని గొట్టంలా చుట్టి, తెల్లదనం కంటపడకుండా ఆ గడినొక్కదాన్నే చూడండి. మావాడు గొట్టం పెట్టి 'నారింజ!' అన్నాడు. తీసి 'బ్రౌన్!' అన్నాడు. పెట్టి, తీసి, పెట్టి, తీసి, చివరికి వాళ్ల నానమ్మని పిలిచి చూపించాడు.

రెండు బ్రౌన్‌ల మధ్య ఎంచుకోవడం ఇంత చికాకు ఎందుకో నాకు ఆ రాత్రి అర్థమైంది. మిగతా రంగులకి ఇరుగుపొరుగు ఒక అలంకారం. బ్రౌన్‌కి ఇరుగుపొరుగే బతుకు.

చుక్కల్లో ఉంది తేడా

పెయింట్ కొట్టులో రంగు కలిపే యంత్రం పక్కన నిలబడి చూశాను. తెల్లటి బేస్ డబ్బా కింద పెట్టి నంబరు కొడితే పై గొట్టాల్లోంచి గాఢమైన రంగులు సన్నటి దారంలా దిగుతాయి. మా రెండు బ్రౌన్‌లకీ దిగినవి అవే మూడు. పసుపు ఆక్సైడ్, ఎరుపు ఆక్సైడ్, నలుపు. బెల్లంలో ఎరుపు ఎక్కువ. నశ్యంలో నలుపు ఎక్కువ. పసుపులో నలుపు పడితే పచ్చచాయ తిరుగుతుంది. మావారి రంగులో నాకు మొదటినుంచీ నచ్చని ఆ పచ్చదనం అక్కడిది.

ఆ ఆక్సైడ్లు ఇంకేమిటో కాదు, ఇనుము తుప్పు. ఇప్పుడు కార్ఖానాల్లో తయారు చేస్తున్నారు, వెనకట మట్టిలోంచే తవ్వేవారు. పల్లెల్లో గోడ అంచుకీ, గుళ్ల ప్రహరీల మీద సున్నం పట్టీల మధ్యా పూసే జాజు కూడా ఆ జాతిదే. ఇటలీలో సియెన్నా ఊరి పేరుతో ప్రసిద్ధమైన పసుపుమన్ను ఉంది. దాన్ని కాలిస్తే లోపలి నీరుపోయి ఎర్రబడుతుంది. కుమ్మరి ఆవంలో కుండకీ, బట్టీలో ఇటుకకీ జరిగేదే ఇదీ. ఉంబర్ అనే ఇంకో మన్నులో ఇనుముతోపాటు మాంగనీసు కూడా ఉంటుంది, అందుకే అది ముదురు. తుప్పు ఇక తుప్పు పట్టదు కదా. ఈ రంగులు ఎండకి త్వరగా వెలవకపోవడానికి కారణం అదే. గుహల గోడల మీద వేల ఏళ్లనాటి జాజు బొమ్మలు ఇంకా ఉండటమే అందుకు సాక్ష్యం.

బ్రౌన్ కోసం మనిషి చేసిన అఘాయిత్యం కూడా ఒకటుంది, చెప్పకుండా ఉండలేను. యూరప్ చిత్రకారులు కొన్ని శతాబ్దాలు 'మమ్మీ బ్రౌన్' అనే రంగు వాడారు. పేరు ఉత్తి పేరు కాదు, ఈజిప్టు మమ్మీలని నూరి చేసేవారు. ఇంగ్లండ్ చిత్రకారుడు ఎడ్వర్డ్ బర్న్-జోన్స్‌కి ఆ సంగతి 1881లో తెలిసింది. వెంటనే తన దగ్గరున్న ట్యూబు తీసుకెళ్లి తోటలో గొయ్యి తవ్వి పాతిపెట్టాడు. ఆయన భార్య అక్క కొడుకు రడ్‌యార్డ్ కిప్లింగ్ ఆ అంత్యక్రియలకి హాజరైనవాళ్లలో ఒకడు. ఈ కథ భోజనాల దగ్గర చెప్పినందుకు మా అత్తయ్య నన్ను ఇంకా క్షమించలేదు.

ఆలివ్ రైతుల ఫిర్యాదు

మా గొడవ లాంటిదే ప్రపంచ స్థాయిలోనూ జరిగింది. సిగరెట్ పెట్టె చూడగానే జనానికి వెగటు పుట్టాలని ఆస్ట్రేలియా ప్రభుత్వం అనుకుంది. పొగతాగేవాళ్లకి రకరకాల రంగులు చూపించి, అందరికీ రోత పుట్టించిన ఒక రంగు ఎంచి, 2012 డిసెంబరు నుంచి పెట్టెలన్నీ ఆ రంగులోనే ఉండాలంది. పాంటోన్ పట్టికలో అది 448 సి. పచ్చచాయ తిరిగిన ముదురు బ్రౌన్. అంటే, మా లెక్కలో నశ్యానికి పెద్దన్న. మొదట్లో అధికారులు దాన్ని 'ఆలివ్ గ్రీన్' అన్నారు. ఆలివ్ రైతుల సంఘం 'మా కాయ పరువు తీస్తారా' అని మంత్రికి ఫిర్యాదు చేస్తే, 'వెలవెలబోయిన ముదురు బ్రౌన్' అని మాట మార్చారు.

అదే పాంటోన్ సంస్థ 2025 సంవత్సరానికి మేటి రంగుగా ప్రకటించింది కూడా ఒక బ్రౌన్‌నే. 'మోకా మూస్'. పాలు ఎక్కువైన కాఫీలా వెచ్చగా ఉంటుంది. ఒక బ్రౌన్‌కి ఛీత్కారం, ఇంకో బ్రౌన్‌కి సన్మానం. ఈ వార్త చూపించి నేను మావారి దగ్గర గెలిచాననుకున్నాను. ఆయన తాపీగా, 'సిగరెట్ పెట్టె జేబులో ఉంటుంది. గోడ హాల్లో ఉంటుంది. రెంటికీ ఒకే న్యాయమా?' అన్నారు. ఆ మాట అప్పుడు సాకులా వినిపించింది. తర్వాత గోడ కూడా అదే మాట చెప్పింది.

నేల మాట విన్నాం

పారిస్‌లో గోబెలిన్స్ అని చిత్రాల తెరలు నేసే ప్రసిద్ధ కార్ఖానా ఉంది. 1824లో దాని అద్దకం విభాగానికి షెవ్రేల్ అనే రసాయన శాస్త్రవేత్త పెద్ద అయ్యాడు. నల్లదారం సరిగా నల్లగా లేదని నేతగాళ్ల ఫిర్యాదు. ఆయన దారం పట్టుకెళ్లి వేరే చోట్ల అద్దిన నల్ల ఉన్నితో పోల్చి చూస్తే నలుపులో లోపమే లేదు. దాని పక్కన నేసిన నీలం, ఊదా దారాల వల్ల అలా వెలిసినట్టు కనిపిస్తోంది. పక్కపక్కనున్న రంగులు ఒకదాన్నొకటి తమకి ఎదురువైపుకి నెడతాయని ఆయన 1839లో పెద్ద పుస్తకమే రాశాడు. 102 ఏళ్లు బతికాడు. అన్నేళ్లు బతికినా మా హాలుకి వచ్చి ఉంటే ఇంకో అధ్యాయం రాసేవాడు.

ఎందుకంటే మా ఇల్లు పాతది. నేల తాండూరు నీలిబండ. నీలం పక్కనున్న బ్రౌన్‌ని అది నారింజవైపు నెడుతుంది. కార్డు మీద బెల్లంలా ఉన్న నా రంగు ఆ బండల పైన నిలబడేసరికి ఇటుక అయి కూర్చుంది. దాని పక్కనే వార్నిష్ కొట్టిన టేకు తలుపు. కాస్త ఎర్రటి గోడ పక్కన ఆ టేకు పాలిపోయి, ఏదో చవక కర్రలా కనిపించింది. నశ్యానికి మాత్రం అదే బండ మేలు చేసింది. పచ్చచాయ అణిగి, పాత చెక్కపెట్టె రంగు బయటికొచ్చింది. ఇదే తెల్లటి విట్రిఫైడ్ టైల్స్ ఉన్న ఫ్లాటు అయితే కథ వేరు. తెలుపు పక్కన ఏ బ్రౌన్ అయినా ఉన్నదానికన్నా ముదురుగా కనిపిస్తుంది. అక్కడ ఒక మెట్టు లేతది తీసుకోవాలి.

అందుకే పెయింట్ కొట్టుకి కార్డు కోసం వెళ్లేముందు ఇంట్లో మారనివి ఏవో లెక్క చూసుకోమంటాను. నేల, తలుపులు, వంటింటి గ్రానైటు. వీటిని మార్చం. సోఫా గుడ్డ మార్చగలం, పరదాలు మార్చగలం. ఎంచుకునే బ్రౌన్ మారనివాటితో పొత్తు కుదరాలి. నేను తలకిందులుగా చేశాను, పరదాకి మ్యాచింగ్ వెతికాను. చీరకి జాకెట్టు వెతికే అలవాటు.

రోజుకి నాలుగు గోడలు

ఇక వెలుతురు. పొద్దున ఎనిమిదికి మా హాల్లోకి ఎండ రాదు, ఆకాశం వెలుగే వస్తుంది. అందులో కొంచెం నీలం ఉంటుంది. ఆ వెలుగులో బెల్లం ముద్దొచ్చేది, నశ్యం నిద్రలేవని ముఖంలా ఉండేది. మధ్యాహ్నం రెండూ మంచివే. సాయంత్రం ఐదుకి పడమటి ఎండ బాల్కనీలోంచి ఏటవాలుగా వచ్చి తిన్నగా ఆ గోడ మీదే పడుతుంది. అప్పుడు బెల్లం కాలుతున్న బట్టీ. వేసవిలో ఐదింటికి హైదరాబాద్ హాల్లో కూర్చుని కాలుతున్న గోడని చూడటానికి నాకే మనసొప్పలేదు. నశ్యం ఆ ఎండని తాగేసి, తేనె చుక్క కలిపినట్టు అయ్యేది.

అయితే అసలు పరీక్ష రాత్రి ట్యూబ్‌లైట్ కింద. మనిళ్లలో ఉండే తెల్ల ట్యూబ్‌లు దాదాపు 6500 కెల్విన్. నీలపు వెలుగు ఎక్కువ, ఎరుపు తక్కువ. దాని కింద బెల్లంలోని ఎరుపు చచ్చి మటన్ కొట్టులో కార్జంలా అయింది. నశ్యం అంతకన్నా ఘోరం. అత్తయ్య ఒక్కమాటలో తేల్చేశారు: 'పిడకలు కొట్టిన గోడలా ఉందే అమ్మాయ్.'

రెండూ ఓడిపోయాయి. అప్పుడు మా మేస్త్రీ చెప్పిన మాటే ఈ కథకి మలుపు. ఆయన గోడల పని మొదలుపెట్టింది సున్నం, డిస్టెంపర్ కాలంలో. మచ్చలకేసి చూడనైనా చూడలేదు, పైకప్పు కేసి చూశాడు. 'అమ్మా, రంగు మారుస్తారెందుకు? లైటు మార్చండి' అన్నాడు.

3000 కెల్విన్ వెచ్చని ఎల్ఈడీ బల్బులు రెండు తెచ్చి పెట్టాం. డబ్బా మీద సీఆర్ఐ అని ఒక అంకె ఉంటుంది. రంగులు ఉన్నవి ఉన్నట్టు చూపే గుణానికి అది మార్కు. మామూలు వాటికి 80 ఉంటుంది, 90 ఉన్నవి దొరికితే బ్రౌన్ గోడకి అవే వాడండి. స్విచ్ వేయగానే నశ్యం పిడక కాస్తా పాత పుస్తకం అట్ట అయింది. బెల్లం మళ్లీ ఇటుకే. మేం నలుగురం హాల్లో కలిసి కూర్చునేది రాత్రి ఏడు నుంచి పది దాకా. మిగతా రోజంతా ఆ గోడని చూసేది ఈగలూ, బల్లులూ. ఆ మూడు గంటల్లో ఏది బావుంటే అదే మా రంగు. నేను నా పార్టీకి రాజీనామా ఇచ్చాను. ఈ మొత్తం గొడవలో నాకు తెలిసిన ఒకే ఒక్క గట్టి సూత్రం ఇదే. మీరు ఆ గదిలో ఉండే వేళకి, మీరు వెలిగించే లైటు కిందే చూడండి. కొట్టులో లైటు కింద మెచ్చుకున్న బ్రౌన్ మీ ఇంటికొచ్చే బ్రౌన్ కాదు.

మేస్త్రీ లెక్కలు

నాలుగు అడుగుల దూరంలో నిలబడి చెప్పగలిగినవి నేను చెప్పాను. బ్రష్ పట్టినవాళ్లకే తెలిసినవి ఇంకొన్ని ఉన్నాయి. తడి మీద చూసి నిర్ణయించకూడదు, ఎమల్షన్ ఆరాక ముదురుతుంది. నమూనా మచ్చ రెండు కోట్లు వేసి, ఒకరోజు ఆరనిచ్చి చూడాలి. రెండు మచ్చలు పక్కపక్కనే వేస్తే ఒకదాన్నొకటి చెడగొడతాయి. ఇది మేం చేసిన తప్పే. అట్టముక్కల మీద వేసుకుని ఒక్కోటీ విడిగా, నేలకి ఆనించి, తలుపు పక్కన పెట్టి చూస్తే సగం రోజులు మిగిలేవి.

ముదురు బ్రౌన్‌కి వాడే బేస్‌లో తెల్లపొడి తక్కువ ఉంటుంది. కిందున్న లేతరంగుని కప్పే బలం ఉండదు. రెండు కోట్లలో అయిపోతుందనుకున్న గోడ మూడు అడిగింది. 10 అడుగుల ఎత్తు, 12 అడుగుల వెడల్పు గోడ అంటే 120 చదరపు అడుగులే అయినా, లెక్కకన్నా ఒక లీటరు ఎక్కువే తెచ్చుకోవాల్సి వచ్చింది. తెచ్చేదేదో ఒకేసారి తెచ్చి, డబ్బాలన్నీ పెద్ద బకెట్‌లో కలిపేసుకోవాలి. వారం తర్వాత అదే నంబరుతో కలిపించినా చుక్క తేడా గోడ మీద అతుకులా తెలుస్తుంది. గోడలో చెమ్మ ఉంటే ముందు దాని సంగతి చూడండి. తెల్లగోడ మీద కనబడని ఉప్పు బ్రౌన్ మీద ముగ్గుపిండి చల్లినట్టు తేలుతుంది. లప్పం సరిగా రుద్దని చోట గరుకు కూడా అంతే.

ఇంకొకటి. షేడ్ కార్డు వెనక ఎల్ఆర్‌వీ అని అంకె ఉంటే చూడండి. వెలుగుని ఎంత తిప్పి పంపుతుందో చెప్పే అంకె. నలుపు 0, తెలుపు 100. ముదురు బ్రౌన్‌లు చాలామటుకు 10 చుట్టుపక్కల ఉంటాయి. నాలుగు గోడలకీ వేస్తే పట్టపగలు లైటు వేసుకోవాలి. మేం ఒక్క గోడతో ఆగిపోయాం, మిగతా మూడూ మీగడ తెలుపు. మా బాబాయ్ ఫోన్ చేసి మట్టిరంగు నైరుతికే వేయాలని వాస్తు చెప్పాడు. అప్పటికే మేస్త్రీ మూడో కోటు రోలర్ కడుగుతున్నాడు.

మొన్న గ్యాస్ అబ్బాయి వచ్చి గోడ చూసి, 'నేను చెప్పిందే వేశారుగా మేడం' అన్నాడు.

నమూనా కోసం కొన్న బెల్లం డబ్బాలో ముప్పాతిక వంతు మిగిలింది. పూజగదిలో దేవుడి వెనక గోడకి వేశాం. అక్కడ కింద తెల్లరాయి గట్టు, పైన ట్యూబ్‌లైట్ లేదు, ఉన్నది నూనె దీపం. ఆ గోడ మీద అది అచ్చం బెల్లంలాగే ఉంది.